పడవలో ముందు సీటు

పడవ ముక్కు గాల్లోకి లేచి దభీమని నీళ్ల మీద పడింది. నా నడుములో ఏదో నలిగింది. బయటికి చప్పుడు రాలేదు గాని నాకు లోపల తెలిసింది. ఊపిరి అందక నోరు తెరుచుకుని ఉండిపోయాను. వెనక స్టీరింగ్ పట్టుకున్న మా బామ్మర్ది రమేశ్ హుషారుగా ఈల వేస్తున్నాడు.

నేను వరంగల్‌లో గుంత మగ్గం మీద దర్రీలు, అంటే జంపఖానాలు నేస్తాను. నేస్తాను అనకూడదు, నేసేవాణ్ని. రమేశ్‌కు నర్సంపేటలో ఎరువుల దుకాణం. డీలర్లను కంపెనీలు థాయ్‌లాండ్ తిప్పుకొస్తాయి కదా, అలా వెళ్లొచ్చి, ఈసారి అక్కనూ బావనూ తీసుకెళ్తానన్నాడు. నా భార్య సుజాత మురిసిపోయింది. నేనూ మురిశాను, అబద్ధం ఎందుకు?

అక్కడ ఒక చిన్న దీవి దగ్గర పడవలు కిరాయికి ఇస్తున్నారు. మనమే నడుపుకోవచ్చు. లైసెన్సు అడగలేదు. పాస్‌పోర్టు ఉంచుకుని, స్పీడు ఎలా పెంచాలో చూపించారు. తగ్గించడం కూడా చూపించే ఉంటారు, మావాడు విని ఉండడు.

"ట్రాక్టర్ నడిపినోన్ని, గిదెంత బావా!" అన్నాడు.

పడవాయన వెనక సీటు తట్టి నన్ను అక్కడ కూర్చోమని సైగ చేశాడు. రమేశ్ ఒప్పుకుంటేనా! మా ఇళ్లలో అల్లుడు కారెక్కితే ముందు సీటు ఆయనదే. పెళ్లయిన నాటి నుంచి అత్తగారి వాళ్ల బండిలో నేను వెనక కూర్చుని ఎరగను. "మా బావను ఎనక కూసోపెడ్తే మా అక్క ఊకుంటదా? నువ్వు ముంగట కూసో బావా, మంచిగ కనవడ్తది" అని చెయ్యి పట్టి తీసుకెళ్లి పడవ ముక్కు దగ్గర కూర్చోబెట్టాడు. పడవలో అన్నిటికంటే గట్టిగా ఎత్తి కుదేసేది ఆ చోటేనట. అల్లుడి మర్యాద తెలిసిన మావాళ్లకు అది తెలియదు.

ఒక పెద్ద పడవ మమ్మల్ని దాటిపోయింది. దాని వెనక లేచిన అలల మీదికి రమేశ్ అదే స్పీడుతో పోనిచ్చాడు. "జర మెల్లగ పోరా!" అని వెనక సీట్లోంచి సుజాత అరుస్తూనే ఉంది.

ఒడ్డుకు వచ్చాక నేను లేవలేకపోయాను. ఇద్దరు పట్టి దించారు. దవాఖానకు పోదామన్నాను. "నరం పట్టింది బావా, ఫికర్ చెయ్యకు. గీడ దవాఖానల పడ్డమనుకో, తిరుగుడంత ఖరాబైతది" అన్నాడు రమేశ్. ఏదో జెల్ కొని తెచ్చాడు. మిగిలిన రోజులు హోటల్ గదిలో వెల్లకిలా పడుకున్నాను. వాళ్లు సాయంత్రం వచ్చి ఫోటోలు చూపించేవారు. నాకు మాత్రం ఒకటే భయం, మళ్లీ మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చోగలనా అని. వేరే పని నాకు రాదు.

వరంగల్ చేరాక రమేశ్ తనకు తెలిసిన డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు. లోపలికి ముగ్గురం వెళ్లాం. మన దగ్గర పేషెంట్ నోరు తెరిచేలోపే వెంట వచ్చినవాళ్లు రోగం చెప్పేస్తారు.

"ఏమైంది?" అని డాక్టర్ నన్నే అడిగాడు.

"సూట్‌కేసు లేపిండు సార్, నడుం పట్టింది" అన్నాడు రమేశ్.

నేను పడవ సంగతి ఎత్తబోతే బల్ల కింద నా కాలు తొక్కాడు. సుజాత వైపు చూశాను. ఆమె తల వంచుకుంది. తమ్ముడు బావ నడుము విరగ్గొట్టాడని బయటపడితే పుట్టింటి పరువు ఏం కాను?

"మజిల్ స్పాజమ్‌లా ఉంది. పెయిన్ కిల్లర్స్ రాస్తున్నాను, రెస్ట్ తీసుకోండి" అన్నాడు డాక్టర్.

నొప్పి తగ్గలేదు. రమేశ్ ఒక మాలీషు మనిషిని పంపాడు. అతను నడుముకు నూనె పట్టించి, మోకాలు మోపి బలంగా నొక్కాడు. ఆ తర్వాత ఎడమకాలు మొద్దుబారింది. ఒకరోజు పొద్దున మూత్రం రాలేదు. పొట్ట ఉబ్బిపోయి అరుస్తుంటే ఆటోలో అడ్డంగా పడుకోబెట్టి హన్మకొండలో పెద్ద దవాఖానకు తీసుకెళ్లారు. క్యాథెటర్ వేశారు, ఎంఆర్‌ఐ తీశారు.

"ఎల్‌వన్ బర్స్ట్ ఫ్రాక్చర్, నడుము దగ్గర వెన్నుపూస చితికింది. ఎముక ముక్క నరాలను నొక్కుతోంది. సూట్‌కేసు ఎత్తితే ఇలా కాదు. ఎక్కడి నుంచి పడ్డారు?" అంది స్పైన్ సర్జన్ మేడమ్.

అప్పుడు చెప్పాను.

"బోట్‌లో ముందు కూర్చున్నారా?" అంది వెంటనే. "ఈ మాట మొదట్లోనే చెప్పి ఉంటే అప్పుడే స్కాన్ చేసేవాళ్లు. నడుముకు బ్రేస్ కడితేనే మానేదేమో."

"నేను మళ్లీ మగ్గం ఎక్కుతానా మేడమ్?"

"ముందు నడవనివ్వండి."

ఆపరేషన్ చేసి రాడ్లు, స్క్రూలు వేశారు. కుట్ల దగ్గర ఇన్ఫెక్షన్ వచ్చి చీము పడితే మళ్లీ ఓటీలోకి తీసుకెళ్లి కడిగారు. ఇంటికొచ్చాక నా యూరిన్ బ్యాగు సుజాతే ఖాళీ చేసేది. రమేశ్ పండ్లు పట్టుకుని వచ్చేవాడు. చూడ్డానికి వచ్చినవాళ్లతో నా ముందే "బావ బొక్కలు ముందుగాల్నే గుల్లగున్నయట" అనేవాడు, తప్పు నా ఎముకలదైనట్టు. అవే పండ్లు వాడి మొహాన కొట్టాలనిపించేది. లేవడానికి ఓపిక ఉంటే కొట్టేవాణ్నే.

ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాను. మూత్రం బాధ పోయింది. ఎడమ పాదం ఈడుస్తాను. చివరి రివ్యూలో మేడమ్ తేల్చేసింది: "గుంతలో వంగి కూర్చునే పని ఇక వద్దు." అందుకని గుంతలో సుజాత కూర్చుంటోంది. పక్కన కుర్చీలో కూర్చుని ఆమెకు నేను నూలు కండెలు చుడుతున్నాను.

మొన్న రమేశ్ వచ్చాడు. "నువ్వెందుకే అక్కా గింత కష్టపడుడు? ఎవలనన్న మనిషిని పెట్టుకోరాదు" అన్నాడు.

"నేసే మనిషి నడుం నువ్వు ఇరగ్గొడ్తివి. ఇంకెవల తెచ్చిపెట్టుకోవాల్రా?" అంది సుజాత. ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు. రమేశ్ చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

నాకు సంతోషం కలగలేదు. ఆ మాట ఆ రోజు డాక్టర్ ముందు అని ఉంటే ఇప్పుడా గుంతలో నేను ఉండేవాణ్ని. నా కోసం ఇంత చాకిరీ చేస్తున్న మనిషి మీద ఆ ఒక్క కోపం పోవడం లేదు, ఏం చెయ్యను?

చదివేవాళ్లకు ఒక్కటే చెప్తాను. దెబ్బ తగిలి దవాఖానకు వెళ్తే, వెంట వచ్చినవాళ్లను కాసేపు బయట కూర్చోమనండి. ఎక్కడ తగిలిందో, ఎలా తగిలిందో, ఎవరి వల్ల తగిలిందో డాక్టర్‌కు మీ నోటితో మీరే చెప్పండి. ఎవరి పరువు పోతే పోనీ.