ఎత్తు భూమి కొనమన్నది నేనే

మా తమ్ముడు నన్ను మోసం చేయలేదు. సూర్యాపేటలో ఏ పెళ్లికి వెళ్లినా, వాడు నా మిలిటరీ డబ్బుతో పనికిరాని భూమి కొని, మధ్యలో కమీషన్ తిన్నాడనే కథే వినిపిస్తుంది. మొన్న మా చిన్నమ్మ అన్నం పెట్టించుకుంటూ, "పాపం పిల్ల దేశం కోసం పోతే, ఇంట్లనే దొంగ వడ్డడు" అంది. ఆ భూమి మాటలు జరిగినప్పుడు చెప్పేవాళ్లలో ఒక్కరూ లేరు. నేనున్నాను.

ఆఫ్రికాలోని శాంతిసేన క్యాంపులో నేను దిగింది వానల మొదట్లో, మధ్యాహ్నం రెండింటికి. హెలికాప్టర్‌లోంచి చూస్తే చుట్టూ బురద నీళ్లు, మధ్యలో గుండ్రంగా మట్టికట్ట, దాని లోపల మావాళ్లు. నేను మేజర్‌ని. డీజిల్, బియ్యం, తాగునీరు, ఇసుక బస్తాలు నా బాధ్యత. బయటి నీళ్ల కన్నా క్యాంపు నేల నాలుగడుగులు కింద ఉంది. ఆరు పంపులు ఆగకుండా తోడేవి. రోడ్డు మునిగిపోయింది. అవతల రెండు వర్గాలు కాల్చుకుంటున్నాయి. ఆరు నెలలు గేటు దాటలేదు. కట్ట మీద ఒక చుట్టు పదకొండు వందల అంగలు. ఎంత నడిచినా బయలుదేరిన చోటికే వస్తాం.

"రెండో పంపు ఆగింది మేడమ్. ఓవర్."

"బస్తాలెన్ని ఉన్నాయి? ఓవర్."

"నూట ఎనభై. ఓవర్."

"వంటవాళ్లను కూడా కట్ట మీదికి పంపు. ఓవర్."

రేడియోలో మాట్లాడే ఆ హవల్దారు హర్యానా రైతు కొడుకు. కాల్పులు మొదలైతే అందరం హెల్మెట్లు పెట్టుకుని బంకర్లో దిగేవాళ్లం. అక్కడ మోకాళ్ల దాకా నీళ్లు.

ఐదో నెలలో, అప్పటిదాకా ఆగిన శాంతిసేన భత్యమంతా ఒక్కసారే ఖాతాలో పడింది. నాది షార్ట్ సర్వీసు. పద్నాలుగేళ్లకు ఇంటికి పంపుతారు, పింఛను ఇవ్వరు. పెళ్లిళ్లలో ఇది చెబితే ఎవరూ నమ్మరు. నమ్మకపోతే మానండి. నా మిగతా బతుకంతా ఆ డబ్బే.

ఆదివారం ఉదయం ఏడింటికి నాకు పదిహేను నిమిషాల ఫోను. మోతెలో బడి సారుగా పనిచేసే తమ్ముడు అప్పటికే భూమి చూసి పెట్టాడు.

"అక్కా, మాడుగులపల్లి కాడ మూడెకరాలున్నది. కాల్వ కిందనే. రెండు పంటలు వరి. కౌలుకిచ్చినా కూసొని తింటవ్."

సర్వే నంబరు తీసుకుని కంప్యూటర్లో ఉపగ్రహ చిత్రం చూశాను. పైన కాలువ, కింద భూమి. ఆ చూపు రైతు బిడ్డది కాదు. నీళ్లు పైన, మనుషులు కింద ఉండే క్యాంపులో ఐదు నెలలు ఇరుక్కున్న మనిషిది. ఫోన్లోనే చెప్పేశాను.

"పల్లంల వద్దు. ఎత్తు మీద చూడు. రెండు దిక్కుల దారి ఉండాలె."

మరుసటి ఆదివారానికి చూశాడు. "మోతె అవతల గుట్ట పక్కన ఐదెకరాలున్నది. గానీ ఆడికి కాల్వ నీళ్లెక్కవక్కా. మన తాత గొర్లు మేపిన జాగ అది. ఎన్నడు నాగలి దిగలే."

"బోరు ఏస్త."

"పడకుంటే?"

"నాకు నేర్పుతున్నవా? నీళ్లల్ల ఉన్నది నేనా, నువ్వా? చెప్పింది చెయ్."

"సరే అక్కా. నువ్వు చెప్పినట్టే చేస్త" అన్నాడు. సంతకానికి నేను రాలేను కాబట్టి, నేను చెప్పినట్టే అమ్మ పేరున రాయించాడు కూడా.

ఆ గుట్ట భూమి ఉపగ్రహ చిత్రం హవల్దారుకు చూపించాను. "భలే పొజిషన్ మేడమ్. శత్రువు ఎటునుంచి వచ్చినా కనపడతాడు" అని కాస్త ఆగి, "పంట మాత్రం కనపడదు" అన్నాడు. నీ పని చూసుకో అన్నాను.

ఆ వారం బంకర్లో ఒకసారి నలభై నిమిషాలు కూర్చున్నాం. ఆ నలభై నిమిషాలూ ఆ ఐదెకరాల మీద ఇల్లు కట్టుకున్నాను. తూర్పున వాకిలి, పడమర పశువుల కొట్టం. నీళ్లు చేరని ఇల్లు. దాన్ని పట్టుకునే బయటపడ్డాను. కాబట్టి ఆ భూమి దేనికీ పనికిరాలేదనే మాట కూడా నేను ఒప్పుకోను.

ఏడాదికి తిరిగొచ్చాను. సర్వీసు ముగిశాక మూడు బోర్లు వేయించాను. దున్నుదామంటే నీళ్లు లేవు. అమ్ముదామంటే చూడ్డానికి వచ్చినవాడు కారు దిగకుండానే వెనక్కి తిప్పుతాడు. కోదాడలో కిరాయి ఇంట్లో ఉండి కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. నెల జీతం ఆగితే నెల బతుకు ఆగుతుంది. నా చుట్టూ ఇప్పుడు ఏ కట్టా లేదు, అయినా కదలలేను.

మూడో బోరు రోజు మాత్రం కళ్లలోంచి పోదు. ఉదయం నుంచి మిషన్ తెల్లటి రాతిపొడి ఎగజిమ్ముతోంది. తడి జాడ లేదు. దాని పక్కనే తమ్ముడు తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. జుట్టు, కనుబొమ్మలు, చేతులు అన్నీ సున్నం కొట్టినట్టున్నాయి. "నేను ముందే చెప్పలేదా" అని అనలేదు. నావైపు చూడనూ లేదు.

క్యాంపులో నా మాటకు ఎదురు చెప్పనివాళ్లంతా జీతానికి ఉన్నవాళ్లు. వీడు నా సిపాయి కాదు. చిన్నప్పుడు సైకిల్ వంతు కోసం నా చెయ్యి కొరికినవాడు, అన్నీ తెలిసినవాడు, ఆ ఆదివారం ఫోన్లో నాతో ఎందుకు కొట్లాడలేదు?