నేను ఆర్పేసిన పసుపు దీపం

చిక్కడపల్లి సందులో షెడ్డు నడిపే మెకానిక్ యాదగిరికి పని రాదని మా అశోక్‌నగర్ అపార్ట్‌మెంటంతా నమ్మడానికి కారణం నేను. ఒక మంచి మనిషి పేరునూ, ఒక మంచి ఇంజన్‌నూ ఒక్క బొటనవేలితో ఎలా పాడుచేశానో చెబుతాను. నవ్వుకోండి, అభ్యంతరం లేదు.

మా ఆవిడ చనిపోయిన ఏడాది, కారు డాష్‌బోర్డులో ఇంజన్ బొమ్మతో పసుపు దీపం వెలిగింది. అగ్గిపెట్టెంత స్కానర్ తెప్పించి స్టీరింగు కింద గుచ్చాను. ఫోన్‌లో ఒక కోడ్ వచ్చింది. ఇంజన్ వేడిని కొలిచే సెన్సర్‌లో లోపమట. కిందే ‘చెరిపేయి’ అని బటన్. నొక్కాను. దీపం ఆరిపోయింది. నాకు నేనే ధన్వంతరిలా కనిపించాను. మెచ్చుకునేవాళ్లు ఇంట్లో లేరు గనుక ఆ పనీ నేనే చేసుకున్నాను.

రెండు రోజులకు మళ్లీ వెలిగేది. పిల్లాడికి మొహం కడిగి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినట్టు, దీపం ఆర్పి మరీ యాదగిరి దగ్గరికి తీసుకెళ్లేవాణ్ని. అతను తన మిషన్ పెట్టి చూసి, ఏమీ లేదనేవాడు. గంటసేపు కబుర్లయ్యాక ఇంటికొచ్చి, లిఫ్టులో దొరికినవాళ్లందరికీ అతనికేమీ తెలియదని చెప్పేవాణ్ని. నలుగురు తమ కార్లను వేరే షెడ్డుకు మార్చేశారు.

ఒక శనివారం నారాయణగూడ చౌరస్తాలో బానెట్ ఇడ్లీపాత్రలా ఆవిరి కక్కింది. వేడి చూపే ముల్లు మాత్రం, చెడిన సెన్సర్ మాట నమ్మి, ఊటీలో ఉన్నట్టు చల్లగా అడుగునే ఉంది. ఫోన్ చేస్తే యాదగిరి వచ్చాడు. స్కానర్ చూశాడు.

“ఇదేంది సార్?”

“కోడ్ చూపిస్తుంది. చెరిపేస్తుంది కూడా.”

“ఎప్పుడు చెరిపిన్రు?”

“నీ దగ్గరికి వచ్చే ముందు. ప్రతిసారీ.”

స్కానర్ పీకి నా చేతిలో పెట్టాడు. “రిపోర్టు చింపేసి డాక్టర్ దగ్గరికి వచ్చినట్టుంది సార్.”

“మరి ఏమీ లేదని తెలిసి కూడా అన్నిసార్లు ఎందుకు చూశావయ్యా?”

“మేడమ్ పోయినంక ఒక్కరే ఉంటున్నరు గద. కారు మంచిగనే ఉన్నది, జర కూసోనీకి వస్తున్నరనుకున్న. అందుకే బానెట్ ఎత్తితే జర లేటుగ దించుతుంటి.”

కాదని చెప్పబోయాను. బదులుగా స్కానర్‌ను జేబులో వేసుకున్నాను.

ఇందుమూలంగా అపార్ట్‌మెంటువారందరికీ తెలియజేయునది: పని రానిది నాకు, యాదగిరికి కాదు. దయచేసి మీ కార్లు మళ్లీ అక్కడికే తీసుకెళ్లండి. ఇకమీదట ఏ కోడునూ చెరపనని, మరమ్మతుకు ఖాళీ చేసిన జేబు మీద ప్రమాణం చేస్తున్నాను. కారుకు ఏమీ లేనినాడు కారు తీయను, షెడ్డుకు నడిచే వెళ్తాను. కంప్లైంటు ఏంటని యాదగిరి అడిగితే, కారుది కాదు, నాదేనని చెబుతాను.