గుహ వెనక నీళ్ళాయన

ఫ్లోరెన్స్‌కి ఎగువన కొండ మీద ఉన్న ఆ పాత విల్లాలో నీళ్ళ పని ఇలారియోది. తోట చివర రాతి గుహ ఉంది, దాని నేలలో కంటికానని సన్నటి గొట్టాలు. అతిథులు శిల్పాలు చూస్తూ మైమరచి ఉండగా, గోడ వెనక నుంచి అతను కుళాయి తిప్పేవాడు. పట్టుబట్టలు తడిసి దొరలూ దొరసానులూ పడీపడీ నవ్వేవాళ్ళు. తాతలనాటి సరదా అది. పనివాళ్ళ మీద మాత్రం చుక్క పడకూడదు.

గోడ సందులోంచి మనుషులు అతనికి మోకాళ్ళ దాకానే కనిపించేవారు. పట్టు జోళ్ళయితే తిప్పడం, చెక్క చెప్పులైతే ఊరుకోవడం. ఇస్త్రీ చేసే ఫోస్కా చెక్క చెప్పులు టకటకమని దాటిపోతే, గుహలో కాసేపు లావెండర్ వాసన నిలిచేది. అతను పెళ్ళి మాట అడిగితే, "సాన్ జొవాన్ని పండగ సాయంత్రం చెప్తాలే" అంది.

పండగ మధ్యాహ్నం, నిమ్మపూల వాసనకి కళ్ళు మూతలు పడుతున్న వేళ, తెల్లటి పట్టు జోళ్ళు గుహలోకొచ్చాయి. మెల్లగా, కలలో నడిచినట్టు. ఇలారియో కుళాయి తిప్పాడు.

నవ్వు వినపడలేదు.

బయటికొచ్చి చూస్తే ఫోస్కా. విందుకి ఇస్త్రీ చేసిన బల్లగుడ్డలు చేతుల్లో ముద్దయిపోయాయి. కాళ్ళకి, పండగ కదా అని, దొరసాని వాడి ఇచ్చేసిన జోళ్ళు.

"జోళ్ళు చూసి ఎవరో అనుకున్నా..."

"పెళ్ళి మాట నన్నడిగావా, జోళ్ళనడిగావా?"

సాయంత్రం చెప్తానన్న జవాబు ఇక రాదనుకున్నాడు ఇలారియో. గుడ్డలు తనే మోసుకెళ్ళి, తప్పు నాదని ఇల్లు చూసుకునే ఆర్జియమ్మతో చెప్పాడు. "ఇన్నేళ్ళూ దొరల్ని తడిపింది చాల్లేదా నాయనా?" అందావిడ. సాయంత్రం దాకా ఫోస్కా మళ్ళీ ఇస్త్రీ చేసింది, అతను ఇస్త్రీపెట్టెల్లోకి నిప్పులు అందించాడు.

పని ముగించుకుని, "రావయ్యా" అని గుహకి తీసుకెళ్ళి నడిమధ్యన నిలబెట్టింది. తను గోడ వెనక్కి వెళ్ళింది.

నలువైపులా నీళ్ళు లేచాయి. ఏ గొట్టం ఎక్కడుందో తెలిసిన మనిషి, అయినా ఉలిక్కిపడ్డాడు. వాలే ఎండ ఆ నీళ్ళల్లో చెదిరి, గుహ గుహంతా తేలిపోతున్నట్టుంది. గోడ వెనక ఫోస్కా నవ్వుతోంది.

"మోకాళ్ళ దాకానే కనిపిస్తున్నావు నీళ్ళాయనా. ఇంత మాత్రానికి మనువాడలేను. అటొచ్చి మొత్తం చూస్తా, కదలకు."

అతను కదల్లేదు.

పెళ్ళయ్యాక ఇలారియో కుళాయి తిప్పేముందు తల బయటపెట్టి మొహాలు చూసేవాడు. అతిథులు పసిగట్టి తప్పించుకునేవారు. దొరసాని విసుక్కునేది.