పసుపు కొమ్ము విరిగిన చప్పుడు

మా అవ్వ పసుపు ఎండిందో లేదో చెవితో చెప్పేది. ఉడకబెట్టి కల్లంలో ఆరబోసిన కుప్పలోంచి ఒక కొమ్ము తీసి, చెవి దగ్గర పెట్టుకుని విరిచేది. బాగా ఎండితే ఖణేల్‌మంటుంది. లోపల తడి ఉంటే చప్పుడు లేకుండా మెత్తగా విరుగుతుంది. రెంజల్ పక్కన మా ఊళ్లో ఆమె సరేనంటే గాని ఎవరూ పసుపును నిజామాబాద్ మార్కెట్‌కు ఎత్తేవారు కాదు. "అక్కా, జర మా కల్లం దిక్కు రా" అని పొద్దున్నే పిలుపులొచ్చేవి. అవ్వ కొంగు బొడ్లో దోపుకుని, పంచాయితీ చెప్పబోయే పెద్దమనిషిలా బయల్దేరేది. ఆ నడక నాకెంత ఇష్టమో అప్పట్లో తెలియలేదు.

మూడేళ్ల కింద ఆ చెవులు మందగించాయి. ఆమె ఎవరికీ చెప్పలేదు. పక్కింటామె పసుపును అవ్వే విరిచి చూసి, "ఎండింది, పట్టుకపోర్రి" అంది. మార్కెట్‌లో వ్యాపారి ఒక కొమ్ము విరిచి, తడి ఉందని కుప్ప మొత్తాన్ని పక్కకు పెట్టించాడు. ఆ తరువాత పిలుపులు ఆగిపోయాయి. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. డాక్టరు ఇచ్చిన చెవి మిషను రెండు రోజులు పెట్టుకుని, గోల తప్ప మాట తెలియడం లేదని డబ్బాలో పెట్టేసింది. చెవిటివాడి ముందు శంఖం ఊదిన సామెతను మా ఇంట్లో మానేశాం.

నేను నిజామాబాద్‌లో ఉంటాను, ఎలక్ట్రానిక్ బోర్డులు బాగుచేస్తాను. ఇదివరకు రోజూ అవ్వకు ఫోన్ చేసేదాన్ని. ఇప్పుడు చేస్తే అన్న ఎత్తి, "అవ్వ మంచిగనే ఉన్నది" అంటాడు. ఆ ఒక్క ముక్కతో నా కడుపు నిండదు.

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆ చప్పుడును ఆమెకు తిరిగి తెచ్చివ్వాలనుకున్నాను, చెవికి కాకపోతే చేతికి. ఒక చెక్కపీటకు మైకు బిగించాను. దాని పక్కన ఒక బోర్డు, బొటనవేలంత బ్లూటూత్ ముక్క. పీట మీద కొమ్ము విరిస్తే ఆ చప్పుడు ఎంత పదునుగా ఉందో బోర్డు కొలిచి, ఒక అంకెగా ఫోన్‌కు పంపుతుంది. తీగ ఏమీ ఉండదు. అంకె ఎనభై దాటితే, అంటే పసుపు ఎండితే, అవ్వ అరచేతిలో ఫోన్ వణకాలి.

వణకలేదు. ఎంత ఎండిన కొమ్ముకైనా ఉలుకూ లేదు పలుకూ లేదు. వారం రోజులు బోర్డును తిట్టాను. తప్పు నాది. బోర్డు పంపిన ఎనభై ఏడు ఫోన్‌కు ఒక్కసారే చేరడం లేదు. ముందు ఎనిమిది వస్తోంది, దాని వెనుక ఏడు. నా ప్రోగ్రాం ఎనిమిది రాగానే అదే జవాబనుకుని, తడి అని తేల్చేస్తోంది. పంపే ప్రతి సంఖ్య చివర ఒక గుర్తు పెట్టి, అది వచ్చేదాకా ఫోన్‌ను ఆగమన్నాను. ఊరికి పోయినప్పుడు సైగలతో ఈ సంగతి చెబితే అవ్వ పడీపడీ నవ్వింది. "నువ్వు గంతే గద. మాట సగముండంగనే ఉరుకుతవ్."

ఈ ఫిబ్రవరిలో పీటను కల్లానికి తీసుకుపోయాం. చుట్టూ ఆడవాళ్లు చేరారు. వాళ్ల మాటలకూ నవ్వులకూ కూడా ఫోన్ వణకడం మొదలుపెట్టింది. "నీ మిషన్ మాకంటె ఎక్కువ ముచ్చట పెడుతున్నదే" అని ఒకామె ఎక్కిరించింది. నాకు ఒళ్లు మండింది. అక్కడే లాప్‌టాప్ తెరిచి, మనిషి గొంతు ఏది వినబడినా వదిలేయమని బోర్డుకు రాసిచ్చాను.

అవ్వ ఎడమ అరచేతిలో ఫోన్ పెట్టుకుని, పీట మీద కొమ్ము విరిచింది. ఫోన్ వణికింది. ఇంకో కుప్పలోంచి తీసి విరిచింది. వణకలేదు. అక్కర లేకపోయినా మళ్లీ మొదటి కుప్పలోది ఇంకొకటి విరిచింది.

"గిది ఎండింది. గా కుప్పకు ఇంకో రెండెండలు గావాలె" అంది, పాత గొంతుతో. పక్కింటామె అవ్వ భుజం తట్టి తమ కల్లం వైపు చెయ్యి చూపింది. అవ్వ కొంగు బిగించుకుని ముందు నడిచింది. నేను పీట మోసుకుంటూ వెనక నడిచాను.

సాయంత్రం నేను బోధన్ మీదుగా నిజామాబాద్ పోయే బస్సుకు సంచి సర్దుకుంటుంటే, అవ్వ పీటను నా ముందుకు జరిపి, ఫోన్‌ను అరచేతిలో పెట్టుకుంది.

"ఒక్కపారి పిలువు. ఎన్నొద్దులాయె నీ పిలుపు ఇనక."

పీట మీదికి వంగి "అవ్వా" అన్నాను. ఫోన్ కదల్లేదు. మనిషి గొంతును వదిలేయమని కల్లంలో నేను రాసింది అప్పుడు గుర్తొచ్చింది. అయినా మళ్లీ పిలిచాను, గొంతు చించుకుని పిలిచాను. అరుగు మీది అన్న తిరిగి చూశాడు.

అవ్వ చూపు అరచేతిని వదల్లేదు.

"సిగ్గెందుకే బిడ్డా," అంది, "పిలువు."