సగం పాట కోసం ఓహైయో దాకా

శుక్రవారం మా ఊరి దగ్గర మొదలుపెట్టిన పాటను నా అభిమాన బ్యాండ్ పూర్తి చెయ్యకుండా వదిలేసింది. ఈ ప్రయాణానికి కారణం అదే. జామ్ బ్యాండ్ తెలియనివాళ్ళకు ఒక్క మాట: వీళ్ళు ఐదు నిమిషాల పాటను అరగంట సాగదీస్తారు, ఒకసారి వాయించినట్టు ఇంకోసారి వాయించరు. ఒక్కోసారి మధ్యలో వేరే పాటలోకి జారుకుని, మిగతా సగం తర్వాతి ఊళ్ళో వాయిస్తారు. నాలాంటి పిచ్చివాళ్ళు దానికోసం వెంటపడతారు. ఎడిసన్‌లో ఉండగా వానలో తడుస్తూ విన్న కచేరీ నాకు ప్రాణం, కానీ ఆఖరి రైలు పోతుందని ఈ పాట మధ్యలోనే పరిగెత్తాను. శాంటా క్లారాలో ఉన్నప్పటిది ఇంకా బాగుంది, అప్పుడు ఇదే పాట మధ్యలో ఆఫీస్ నుంచి ఫోన్. ముగింపు ఎదురుగా కూర్చుని ఒక్కసారీ వినలేదు. వాళ్ళ తర్వాతి కచేరీ ఆదివారం ఓహైయోలో, ఈసారి వదిలే ప్రశ్నే లేదు.

ఆ రోజు ఉదయం పదింటికి మిషిగన్‌లోని మా నోవై నుంచి బయల్దేరాం. ఆర్నెల్లకని తెనాలి నుంచి వచ్చిన మా మామగారిని కూడా తీసుకెళ్ళమని మా ఆవిడ శిరీష పట్టుబట్టింది. 275 హైవే మీద టొలీడో వైపు దిగి, టోల్ రోడ్డెక్కి క్లీవ్‌లాండ్ వైపు పోతే మూడు గంటల పైచిలుకు. దారిలో రెస్ట్ ఏరియాలో పులిహోర తిన్నాం.

"ఆ సగం సీడీలో దొరకదా అల్లుడుగారూ?" అన్నారాయన.

"దొరుకుతుంది మామయ్యా. కానీ అది వేరే రోజు వాయించింది."

ఆయన పులిహోర డబ్బాకు మూత పెట్టారు. "మా తెనాలి నాటకాలూ అంతేలెండి. అదే పద్యం, అదే నటుడు. వన్స్‌మోర్ కొట్టాక పాడితే మళ్ళీ కొత్తగా ఉండేది."

ఆరుబయలు థియేటర్. పచ్చిక మీద కూర్చునే టికెట్ చవక, కుర్చీలకు దానికి రెట్టింపు. దుప్పటి మనమే తెచ్చుకోవాలి. కచేరీ ఐదింటికి మొదలైంది. మొదటి భాగంలో నా పాట రాలేదు. రెండో భాగంలోనూ రాలేదు. ప్రతి పాట మొదట్లోనూ ఇదేనేమో అనుకోవడం, కాదని ఉసూరుమనడం.

"కాలు ఊపకండి, దుప్పటి జారిపోతోంది," అన్నారు మామగారు.

బ్యాండ్ లోపలికెళ్ళింది. జనం చప్పట్లు కొడుతూ మళ్ళీ పిలుస్తున్నారు. ఇక ఆ పాట రాదని తేల్చేసుకున్నాను. పార్కింగ్‌లో ఇరుక్కుంటామని ఇంకో భయం. కారు బయటి గేటు దగ్గర పెట్టి వస్తానని లేచాను.

"వన్స్‌మోర్ అడుగుతుంటే లేస్తారేమిటండీ?"

"ఐదు నిమిషాలు మామయ్యా!"

కారు మార్చి పరుగున వచ్చేసరికి థియేటర్ గేటు దగ్గర టికెట్లు చూసే పెద్దావిడ చెయ్యి అడ్డం పెట్టింది. "సారీ హనీ, నో రీ-ఎంట్రీ." టికెట్ చూపించాను, బతిమాలాను. అప్పుడే లోపల శుక్రవారం ఆగిన చోటునుంచి పాట అందుకున్నారు. గోడ అవతల నాకు వినిపించింది డ్రమ్ముల దడదడ, జనం కేకలు అంతే. నిజంగా ఏడుపొచ్చింది.

మామగారు దుప్పటి మడత పెట్టుకుని వచ్చారు. "దారిలో మీరు కారులో వినిపించిన పాటే, వాయించారు," అన్నారు మెల్లగా.

గేటు దగ్గర పెట్టిన కారు కూడా అందరి కార్లతో పాటే ఇరుక్కుంది. నేను స్టీరింగ్ మీద వేళ్ళతో కొట్టుకుంటున్నాను. ఆయన గొంతు సవరించుకుని, మాటల్లేకుండా రాగం ఎత్తుకున్నారు. పద్యం పాడినట్టు పైకి లాగి, నిలిపి, మెల్లగా దించారు. పక్క కారులో గడ్డం అబ్బాయి అద్దం దించి, "దట్స్ ఇట్! దట్స్ హౌ దే ఎండెడ్ ఇట్!" అని అరిచాడు. నా వేళ్ళు ఎప్పుడు ఆగాయో తెలియదు.

నాకు బాగా నచ్చిన ప్రదర్శన ఏదని ఇప్పుడెవరైనా అడిగితే ఎడిసన్ వానా చెప్పను, శాంటా క్లారా కూడా చెప్పను. ఆ పార్కింగ్ లాట్ చెబుతాను. ఇన్నేళ్ళూ ముగింపు కోసం పరిగెత్తినవాణ్ణి నేను, కూర్చుని విన్నది ఆయన.

వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా: గేటు దాటితే మళ్ళీ రానివ్వరు. కారును ఉన్నచోటే ఉండనివ్వండి. కాలు నిలవని మనిషైతే, పక్కన నాటకాలు చూసిన పెద్దాయన్ని ఒకర్ని కూర్చోబెట్టుకోండి.