బిజ్జా తాత పుక్కిలి

బిజ్జా తాత నీళ్లు తాగడు, విచారిస్తాడు. మొదటి గుక్క పుక్కిలించి ఉమ్మి, తీర్పు చెప్పి, ఆ తర్వాతే రెండో గుక్క మింగుతాడు. సుక్మా బస్టాండులో కొన్న సీసాను "ఊరూ పేరూ లేని నీళ్లు" అని షాపువాడికే తిరిగిచ్చేశాడు. కూతురికి సంబంధం చూడబోయి, కాబోయే వియ్యంకుడు ఇచ్చిన చెంబు అందుకుని, "మీ బాయికి జలుబు చేసింది" అన్నాడు. సంబంధం తప్పింది. ఆ పెళ్లికొడుకును ఓసారి సంతలో చూసిన కూతురు, నేటికీ ఆ బావికి దండం పెట్టుకుంటుంది.

ప్రతి సోమవారం వాగు వెంట పైకి నడిచి, కమ్లీ అవ్వ గుడిసె దగ్గరి నీళ్లను పరీక్షించి వచ్చేవాడు. అక్కడ ఉన్నవే మూడిళ్లు. రెండిళ్లవాళ్లు మిరపతోటల కూలికని భద్రాచలం వైపు వెళ్లి అక్కడే ఉండిపోయారు. అవ్వ ఒక్కతే మిగిలింది. ఈ ఏడు తాత మోకాళ్లు మొరాయించాయి. సోమవారాలు గుమ్మంలో వాగు పైవైపు చూస్తూ, పుక్కిట పట్టిన నీళ్లు ఉమ్మడం కూడా మరిచి కూర్చునేవాడు.

"నువ్వు పోకుంటే నీళ్లు పాడైతయా ఏంది?" అనేది మనవరాలు దుర్గ. ఎనిమిదిలో బడి మానేసింది గానీ నోరు మాత్రం పై క్లాసులకు వెళ్లింది.

"నీళ్లు కాదే..." అని తాత ఆగిపోయేవాడు.

అలాంటప్పుడు మోటార్ సైకిల్ మీద సంతోషకుమారి మేడమ్ వచ్చింది. కిరండూల్ రైల్వే కాలనీ పిల్ల. ఈ వాగుల నుంచి గోదావరి సముద్రంలో కలిసేదాకా నీళ్లు ఎలా ఉన్నాయో చూసే పెద్ద సర్వే అట. నీళ్లు పట్టే చోట్లను కంప్యూటర్ లాటరీ తీసి వరస రాసిచ్చింది. ఎండిపోయే చోటునూ, మనిషి చేరలేని చోటునూ కొట్టేసి తర్వాతది చూడాలి. ఈ వాగుకు రెండు చోట్లు కావాలి.

"దొరికినంక?" అన్నాడు తాత.

"మూడు నెలలకోసారి వస్తామండి. పదేళ్లు."

పదేళ్లు అనగానే తాత చొక్కా తొడుక్కున్నాడు. ముగ్గురూ బండెక్కారు.

మొదటి చోట పుక్కిలించి ఉమ్మాడు. "ఎండలు ముదరకముందే ఎండుతది." రాళ్ల మీది ఎండు నాచు చూసి మేడమ్ కొట్టేసింది. రెండో చోట నీళ్లు నిండుగా ఉన్నాయి, దారీ బాగుంది.

"ఈ నీళ్లకు కోపమెక్కువ."

"కోపానికి నా ఫారంలో గడి లేదండి. ఇది ఖాయం."

తాత ముఖం వాడింది. "ఇంకోటి ఏడ?"

మేడమ్ ఫోన్ చూపింది. "ఈ వంపు దగ్గర. కానీ బండి పోదు, అంతా రాళ్లే. చేరలేని చోటని రాసేస్తాను."

ఆ వంపు తాతకు తెలుసు. చప్పున బండి దిగాడు. "నేను చేరితే ఇంకెవరైనా చేరుతరు గదా?"

"నిన్న పొయ్యి దాకా నడవలేదు, మేడమ్!" అంది దుర్గ.

పదకొండు రాళ్ల మీద కూర్చుని, పదకొండు సార్లు లేచాడు. వంపు చేరగానే మేడమ్ చోటు ఖాయం చేసింది.

వంపు పక్కనే ఉన్న గుడిసెలోంచి కమ్లీ అవ్వ చెంబుతో ఎదురొచ్చింది. తాత మొదటి గుక్క గుటుక్కున మింగేశాడు.

"ఉమ్మలేదేంది తాతా?"

"నోర్ముయ్యవే. ఈ నీళ్లను ఎన్నడన్న ఉమ్మిన్నా?"

మేడమ్ రెండు సీసాలు నింపుకుని, మళ్లీ మూడు నెలలకు వస్తామంది. అవ్వ ఆ సీసాలను ఎగాదిగా చూసింది.

"గింత సీసాలు మూడు నెలలకు ఏడ సరిపోతయి బిడ్డా? సోమవారం మళ్ల రాండి."