మౌనిక బోర్డు మీద జారిపోయిన అక్షరాలు

మా బేస్‌మెంట్‌లో అద్దెకున్న మౌనిక ఈ రోజు ఇండియా వెళ్లిపోయింది. వర్క్ పర్మిట్ అయిపోయింది, ఇక్కడే ఉండిపోవడానికి కావాల్సిన పీఆర్ రాలేదు. ఖమ్మంలో వాళ్లక్కతో కలిసి టిఫిన్ సెంటర్ పెడుతుందట. దానికి చెక్క బోర్డు చేసిస్తానని నేనే మాటిచ్చాను.

గరాజ్‌లో నాకో సీఎన్‌సీ మెషీన్ ఉంది. కంప్యూటర్ చెప్పినట్టు మోటార్లు తిరిగి చెక్క మీద అక్షరాలు చెక్కుతుంది. మధ్యాహ్నం మా ఊరు బ్రాంప్టన్‌లో మంచు మొదలైంది. ఎయిర్‌పోర్ట్‌కి లేటవుతుందన్న కంగారులో, సగం పేరు చెక్కాక స్పీడ్ పెంచేశాను. మోటార్ ఒక్కసారి గుర్రుమని ఆగి, మళ్లీ తిరిగింది. అక్కణ్ణుంచి అక్షరాలన్నీ వేలెడు కిందికి దిగిపోయాయి.

పక్కనే నిలబడ్డ మౌనిక అడిగింది: "మోటార్ తిరగలేదని కంప్యూటర్‌కి తెల్వదా అన్నా?"

"తెలీదమ్మా. అది సిగ్నల్ పంపేసి, మోటార్ తిరిగిందనే అనుకుంటుంది. మరీ స్పీడ్‌గా పంపితే మోటార్ అందుకోలేదు."

తను అక్షరాల మీది చెక్కపొట్టు తుడిచింది. "పైకి కడితే కనబడదులే అన్నా" అంటూ బోర్డుని తువ్వాలులో చుట్టి సూట్‌కేసులో పెట్టుకుంది.

తీరా వెళ్తే ఫ్లైట్ మూడు గంటలు లేటు. నెమ్మదిగా చెక్కినా సరిపోయేది.

ఏ చెక్కకి ఎంత స్పీడ్ పెట్టాలో కామెంట్లలో చెప్పకండి, నాకు తెలుసు. తెలిసీ తొందరపడేవాణ్ణి ఎలా ఆపాలో తెలిస్తే చెప్పండి.

ఇంటికొచ్చి చూస్తే గరాజ్‌లో స్క్రీన్ ఇంకా వెలుగుతూనే ఉంది: జాబ్ కంప్లీట్, నో ఎర్రర్స్.